అగ్రిమెంట్ తప్పినంత మాత్రాన రద్దయిపోదు

"గడువు దాటింది, ఇక అగ్రిమెంట్ క్యాన్సిల్." ప్లాట్లు చేతులు మారే ప్రతి ఊళ్ళోనూ ఈ మాట వినబడుతుంది. అమ్మేవాడు అంటాడు, మధ్యవర్తి అంటాడు, పంచాయితీకి కూర్చున్న పెద్దమనుషులూ అదే అంటారు. కొనేవాడు కూడా నమ్మేసి, అడ్వాన్సు వెనక్కి వస్తే చాలని తిరగడం మొదలుపెడతాడు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో మాత్రం ఒప్పందం ఇలా దానంతట అదే రద్దయ్యే దారి దాదాపు లేదు.

ఆ చట్టంలో 39వ సెక్షన్ చెప్పేది సూటిగా ఉంటుంది. ఒక పక్షం తన వంతు మొత్తంగా చేయనని మొండికేసినా, చేయలేని స్థితి తెచ్చుకున్నా, రెండో పక్షం ఒప్పందాన్ని ముగించవచ్చు. అయితే ఒప్పందం కొనసాగడం తనకు సమ్మతమేనని ఆ రెండో పక్షం మాటతోనో నడతతోనో తెలిపి ఉంటే, ఇక ముగించడానికి వీల్లేదు. బరువంతా ఆ "వచ్చు" మీదే ఉంది. మాట తప్పేది ఒకరు, ముగించాలో వద్దో ఎంచుకునేది నష్టపోయినవారు. తప్పినవాడు తన తప్పునే చూపించి "అయిపోయింది" అనలేడు.

భూమి అగ్రిమెంట్ల తగాదాలు చాలావరకు దావా వేయకముందే గెలిచేవో ఓడేవో అయిపోతాయని నా అభిప్రాయం. మాట తప్పిన మొదటి నెలా రెండు నెలల్లో నువ్వేం రాశావు, ఏం తీసుకున్నావు, ఏం ఊరుకున్నావు అన్నదే ఆ తర్వాత పదేళ్ళూ నీ వెంట వస్తుంది. అప్పుడు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే. ఆస్తి కావాలా, డబ్బు కావాలా? మనవాళ్ళు దాన్ని తేల్చుకోకుండానే లీగల్ నోటీసు పంపేస్తారు.

ఒక లెక్క వేసుకుని చూద్దాం. ప్లాటు ధర 60 లక్షలు, బయానా 6 లక్షలు, గడువు 3 నెలలు. ఈలోగా పక్కన రోడ్డు వెడల్పు చేస్తారన్న వార్త వచ్చి, గడువు తీరే రోజుకి అదే ప్లాటు 72 లక్షలు పలుకుతోంది. అమ్మేవాడు ఫోను ఎత్తడం మానేశాడు. కొనేవాడు వకీలు దగ్గరికి వెళ్తే నోటీసు ఇలా తయారవుతుంది: "15 రోజుల్లో రిజిస్ట్రేషన్ చేయండి, లేదా అడ్వాన్సు వడ్డీతో తిరిగివ్వండి." చూడ్డానికి బాగానే ఉంది. అవతలి వకీలు మాత్రం ఈ "లేదా" దగ్గరే కూర్చుంటాడు. కొనేవాడికి డబ్బు చాలు, ఆస్తి మీద పట్టింపు లేదని ఆయనే ఒప్పుకున్నాడని వాదిస్తాడు. అన్ని కోర్టులూ ఆ వాదన ఒప్పుకోవు గానీ, నీ చేత్తో నువ్వే అవతలివాడికి ఆయుధం ఇవ్వడం దేనికి?

ఆస్తి కావాలనుకుంటే నోటీసులో రిజిస్ట్రేషన్ ఒక్కటే అడగాలి. తేదీ, సమయం, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, అమ్మేవాళ్ళు ఏయే కాగితాలు తేవాలి, మిగతా 54 లక్షలు ఏ బ్యాంకు నుంచి ఏ రూపంలో సిద్ధంగా ఉన్నాయి, ఇవన్నీ రాయాలి. ఆ రోజు నిజంగానే వెళ్ళాలి. స్లాటు బుక్ చేసిన కాగితం, కట్టిన చలానా, సాక్షులతో వెళ్ళి ఎదురుచూసినట్టు అదే సాయంత్రం పంపిన రెండో నోటీసు, ఈ మూడూ తర్వాత ఏ నోటిసాక్ష్యం కన్నా బలంగా నిలబడతాయి.

ఈ మధ్యలో ఒక వల పన్నుతారు. అమ్మేవాడు చెప్పాపెట్టకుండా నీ ఖాతాలోకి 6 లక్షలు వేసేస్తాడు. నువ్వు కిమ్మనకుండా ఊరుకుంటే, వాడుకుంటే ఇంకా ఘోరం, 62, 63 సెక్షన్ల కింద రద్దుకి నువ్వు ఒప్పుకున్నావన్న వాదన మొదలవుతుంది. వచ్చిన వారంలోనే ఆ డబ్బు తిరిగి పంపి, ఎందుకు పంపుతున్నావో రాతలో పెట్టాలి. అమ్మేవాళ్ళకీ ఇలాంటి గొయ్యే ఉంది. రద్దు నోటీసు ఇచ్చి, ఆ తర్వాత కొనేవాడు పంపిన వాయిదా డబ్బు తీసుకుంటే ఆ రద్దుకి విలువ పోతుంది. ఆలస్యంగా వచ్చినదాన్ని పుచ్చుకుంటూ నష్టపరిహారం హక్కు వదులుకోవడం లేదని అప్పటికప్పుడు చెప్పకపోతే, 55వ సెక్షన్ ప్రకారం ఆ ఆలస్యానికి పరిహారం అడగడానికి లేదు.

వాట్సాప్ మాటలు కూడా కాగితాలే. కాకపోతే స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి జేబులో పెట్టుకుంటే సరిపోదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడు) రాయాలి. పాత ఫోను అమ్మేసి కొత్తది కొనుక్కున్నాక ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఇక గడువు సంగతి. స్థిరాస్తి ఒప్పందాల్లో కాలమే ప్రాణమని మొదటే అనుకోనక్కర్లేదని సుప్రీంకోర్టు 1992లో చాంద్ రాణి కేసులో స్పష్టం చేసింది. దీన్ని పట్టుకుని కొనేవాళ్ళు నిద్రపోతారు. 1997లో విద్యానాథం కేసు ఆ నిద్ర వదిలించింది. మదురైలో ఇల్లు, ధర 60,000, ఇచ్చింది 5,000, గడువు 6 నెలలు. కొనేవాడు రెండున్నరేళ్ళు కదలలేదు, ఈలోగా ధర మూడింతలైంది. దావా కొట్టేశారు. కాలం ప్రాణం కాదంటే కాలానికి అర్థమే లేదని కాదు, పట్టణాల్లో ధరలు ఎగబాకే రోజుల్లో గడువు ఎందుకు రాసుకున్నారో కోర్టు చూడాలి అన్నది దాని సారం. కాలపరిమితి చట్టం 54వ ఆర్టికల్ ఇచ్చే 3 ఏళ్ళు కూడా, అగ్రిమెంట్‌లో తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచే నడుస్తాయి. ఆఖరి నోటీసు నుంచి లెక్కపెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. తేదీ రాయని అగ్రిమెంట్‌కే, కుదరదన్న సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. అలాగని మూడేళ్ళూ వాడుకోవాలనుకోవడం పిచ్చిపని. మూడో ఏడాది ఆఖరి వారంలో దావా వేసినవాడి చేతిలో అప్పటిదాకా డబ్బు సిద్ధంగా ఉందంటే ఏ జడ్జీ తేలిగ్గా నమ్మడు.

ఆ డబ్బు మాటే అసలైన చోటు. ఒప్పుకున్న పనిని కోర్టు ద్వారా చేయించుకునే దారి చూపే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని 2018లో సవరించారు, అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు రిజిస్ట్రేషన్ చేయించమని ఆదేశించాలా వద్దా అన్నది కోర్టు విచక్షణ. ధర బాగా పెరిగిపోయింది, అమ్మేవాడికి కష్టం కలుగుతుంది అని డబ్బుతో సరిపెట్టిన తీర్పులు బోలెడు. సవరణ ఆ విచక్షణని చాలావరకు తీసేసింది. ఇక కొనేవాళ్ళదే రాజ్యమని అప్పట్లో అనుకున్నారు గానీ, 16వ సెక్షన్ సీ క్లాజు కదలకుండా అక్కడే ఉంది. వాది తాను మొదటినుంచీ సిద్ధంగానూ, సుముఖంగానూ ఉన్నానని రుజువు చేయాలి. ఇవి రెండు వేర్వేరు సంగతులు. సిద్ధం అంటే చేతిలో డబ్బు ఉండడం. సుముఖం అంటే నడత. కోటి రూపాయలు బ్యాంకులో ఉన్నవాడు రిజిస్ట్రేషన్ రోజున రాకుండా "ధర కొంచెం తగ్గించండి" అని కబురు పంపితే సిద్ధమే గానీ సుముఖం కాదు. రోజూ అమ్మేవాడి ఇంటి చుట్టూ తిరిగినవాడి ఖాతాలో 40,000 మాత్రమే ఉంటే సుముఖమే గానీ సిద్ధం కాదు. ఇద్దరూ ఓడిపోతారు.

నోట్ల కట్టలు తెచ్చి కోర్టు బల్ల మీద పెట్టనక్కర్లేదు, కోర్టు చెబితే తప్ప డిపాజిట్ చేయాల్సిన అవసరం లేదని ఆ సెక్షన్ వివరణే చెబుతుంది. కానీ గడువు నాటి బ్యాంకు స్టేట్‌మెంట్, ఫిక్స్‌డ్ డిపాజిట్ రశీదు, లోను మంజూరు పత్రం కావాలి. "బంధువులు సర్దుతామన్నారు" అంటే ఆ బంధువు బోనెక్కి, తన ఖాతా చూపించాలి. సాక్ష్యం దశలో కేసులు కూలేది సరిగ్గా ఇక్కడే. గడువు తేదీకి వారం ముందు బ్యాంకుకి వెళ్ళి ఒక స్టేట్‌మెంట్ తెచ్చి ఫైల్లో పెట్టుకోవడం ఎంతసేపు?

దావాలో అడగాల్సినవి అడగకపోతే రావు. అదే చట్టం 22వ సెక్షన్ ప్రకారం స్వాధీనం, పంపకం, బయానా వాపసు విడిగా కోరాలి. నష్టపరిహారం కూడా అంతే, 21వ సెక్షన్. అమ్మేవాడు రద్దు నోటీసు ఇచ్చి ఉంటే, ఆ రద్దు చెల్లదని ప్రకటించమని కూడా అడగడం మంచిది. 2013లో సికందర్ కేసులో అది అడగలేదన్న కారణంతో కొనేవాడు చిక్కుల్లో పడ్డాడు. తర్వాతి తీర్పులు ఆ పట్టు కొంత సడలించాయి గానీ, ఒక వాక్యం ఆదా చేసి ప్రమాదం కొనితెచ్చుకోవడం తెలివి కాదు. కోర్టు ఫీజు మొత్తం ధర మీద పడుతుంది, అడ్వాన్సు మీద కాదు. 60 లక్షల దావా అని గుర్తుపెట్టుకుని దిగాలి.

అగ్రిమెంట్ కాగితం గురించి రెండు మాటలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో చేసిన సవరణతో అగ్రిమెంట్ ఆఫ్ సేల్ కూడా రిజిస్టర్ చేయాల్సిన పత్రాల్లో చేరింది. రిజిస్టర్ చేయకపోయినా రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ మినహాయింపు వల్ల స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావాలో, అంటే ఒప్పుకున్నట్టే రిజిస్ట్రేషన్ చేయించమని వేసే దావాలో, సాక్ష్యంగా పనికొస్తుంది. పనికొస్తుంది కదా అని వదిలేస్తే ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్లో, కనబడదు. అప్పుడు అమ్మేవాడు మూడోవాడికి రిజిస్ట్రేషన్ చేసేస్తే, ఆ మూడోవాడు "నాకేం తెలియదు, డబ్బిచ్చి కొనుక్కున్నాను" అంటాడు. నిజంగానే అతనికి తెలియకపోతే నీ దావా అతన్ని తాకదు. ఇంకో గొడవ స్టాంపుతో. "ఈ రోజే స్వాధీనం చేశాము" అని ఒక్క ముక్క రాసుకుంటే మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ కాగితానికి సేల్ డీడ్‌కి కట్టినంత స్టాంపు డ్యూటీ పడుతుంది. 100 రూపాయల స్టాంపు మీద అలా రాసి కోర్టుకి తెస్తే ఇంపౌండ్ చేస్తారు (కాగితాన్ని పట్టి ఉంచుతారు), పెనాల్టీ పది రెట్ల దాకా పోవచ్చు. స్వాధీనం నిజంగా ఇవ్వనప్పుడు దస్తావేజు రైటరు అలవాటుగా రాసే ఆ వాక్యాన్ని కొట్టేయించండి.

ఆస్తి వద్దు, డబ్బే కావాలనుకుంటే దారి వేరు. ముందు ఒప్పందం ముగిస్తున్నట్టు స్పష్టంగా రాసి, తర్వాత కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద నష్టపరిహారం అడగాలి. మన లెక్కలో 6 లక్షల బయానా, దాని మీద వడ్డీ, మాట తప్పిన నాటి మార్కెట్ ధరకీ ఒప్పందం ధరకీ తేడా 12 లక్షలు. ఈ 12 రుజువు చేయడానికి అదే నెలలో ఆ చుట్టుపక్కల జరిగిన సేల్ డీడ్ల సర్టిఫైడ్ కాపీలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోవాలి. ఏ రోజు ధర, ఏ చోటి ధర అన్నది ఎంత పట్టింపో 1961 నాటి మురళీధర్ చిరంజీలాల్ కేసు చూపించింది. కాన్వాసు గుడ్డ కాన్పూర్‌లో రైలెక్కి కలకత్తా చేరాలి. సరుకు రాలేదు. కొనుగోలుదారు కలకత్తా ధర రుజువు చేశాడు గానీ కాన్పూర్ ధర చేయలేదు. తప్పు అవతలివాడిదేనని తేలినా పరిహారం రాలేదు. గుంటూరు మిర్చి యార్డు వ్యాపారమైనా ఇదే సూత్రం.

"ఆ ప్లాట్లో షాపులు కట్టి అద్దెలకిచ్చేవాణ్ణి, నెలకు లక్ష పోయింది" అన్నది సాధారణంగా నడవదు. సహజంగా కలిగే నష్టం, లేదా ఒప్పందం చేసుకునేటప్పుడే ఇద్దరికీ తెలిసిన నష్టం మాత్రమే లెక్కలోకి వస్తుంది. 1854లో ఇంగ్లండులో గ్లాస్టర్ పిండిమిల్లు షాఫ్టు విరిగి, రవాణాదారు ఆలస్యం చేసినప్పుడు మిల్లు మూతపడిన లాభం ఇవ్వనన్నారు. మన 73వ సెక్షన్ ఆ హాడ్లీ కేసు బాటలోనే నడుస్తుంది. తగ్గించుకోగలిగిన నష్టాన్ని తగ్గించుకోకపోతే అదీ కోత పడుతుంది.

రెట్టింపు నిబంధన మీద నాకు ప్రత్యేకంగా చిరాకు. "అమ్మకందారు తప్పిన యెడల తీసుకున్న అడ్వాన్సుకు రెట్టింపు ఇవ్వవలెను, కొనుగోలుదారు తప్పిన యెడల అడ్వాన్సు పోగొట్టుకొనవలెను." ప్రతి రైటరూ ఇదే రాస్తాడు, చదివి సంతకం పెట్టినవాళ్ళు ఇక బందోబస్తు అయిపోయిందనుకుంటారు. 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, అందులో న్యాయమైనంతే వస్తుంది. 12 లక్షలు రాసుకుని 3 లక్షల నష్టం చూపిస్తే 3 మీద మాట్లాడతారు. పైగా అమ్మేవాడు "రెట్టింపు పారేసి బయటపడతా" అనుకుంటే అదీ కుదరదు. ఆ మొత్తం ఒప్పందం జరిపించడానికి భయంగా రాసిందే తప్ప, డబ్బిచ్చి తప్పించుకునే వెసులుబాటుగా రాయలేదని తోస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 23వ సెక్షన్ కింద కోర్టు రిజిస్ట్రేషన్నే చేయించవచ్చు.

అమ్మేవాళ్ళ వైపు నుంచి చూస్తే ప్రశ్న, తీసుకున్నదంతా ఉంచేసుకోవచ్చా అన్నది. 1963 నాటి ఫతేచంద్ కేసులో ఢిల్లీ ఆస్తి ధర 1,12,500. బయానాగా 1,000, ఆ తర్వాత ఇంకో 24,000 ముట్టాయి. సుప్రీంకోర్టు 1,000 ఉంచుకోనిచ్చింది, 24,000 బయానా కాదు, ధరలో భాగమంది. 2015లో కైలాష్‌నాథ్ కేసు మరీ ముచ్చటగా ఉంటుంది. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ వేలంలో 3.12 కోట్ల పాటకి 78 లక్షల బయానా జప్తు చేసుకుంది. అదే ప్లాటు తర్వాత 11.78 కోట్లకు అమ్మింది. నష్టమే లేనప్పుడు జప్తు దేనికని తిరిగి ఇప్పించారు. అలాగని కొనేవాళ్ళు ధీమాగా ఉండొద్దు. 2025 మేలో సుప్రీంకోర్టు 55.50 లక్షల ఒప్పందంలో 20 లక్షల అడ్వాన్సు జప్తుని నిలబెట్టింది. జప్తు నిబంధన స్పష్టంగా ఉంది, కొనేవాడి దావాలో వాపసు కోరనే లేదు. కాబట్టి అగ్రిమెంట్ రాసేటప్పుడే ఎంత బయానా, ఎంత ధరలో వాయిదా అన్నది విడివిడిగా రాయించుకోండి. 60 లక్షలకు 20 లక్షలిచ్చి మొత్తాన్నీ "బయానా" అనిపించుకోవడం కొనేవాడి అమాయకత్వం.

ఇన్నేళ్ళు పని చేస్తానని ఉద్యోగితో రాయించుకునే కంపెనీ బాండ్ల లెక్కా 74వ సెక్షన్ కిందకే వస్తుంది. రాజీనామా చేసినవాణ్ణి కూర్చోబెట్టి పని చేయించుకోలేరు, డబ్బు మాత్రమే అడగగలరు. అలాగని బాండ్లు చెల్లవన్న ప్రచారం నమ్మకండి. 2025లో విజయా బ్యాంకు కేసులో మూడేళ్ళ బాండు, 2 లక్షల షరతుని సుప్రీంకోర్టు సమర్థించింది.

ఇల్లు కట్టే కాంట్రాక్టరు శ్లాబు దాకా వేసి మాయమైతే మందు వేరు. సవరించిన స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 20వ సెక్షన్ కింద ఇంకొకరితో పని పూర్తి చేయించి, ఆ ఖర్చు పాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టవచ్చు. కానీ ముందు కనీసం 30 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇచ్చి తీరాలి. కోపంలో మర్నాడే కొత్త మేస్త్రీని దింపితే ఈ సెక్షన్ కింద ఖర్చు అడిగే హక్కు పోతుంది. ఆ 30 రోజుల్లో ఇంజనీరుతో కొలతలు తీయించి, ఎంత పని అయింది, ఎంత మిగిలింది, మిగిలినదానికి ఎంత అవుతుంది అని ఫొటోలతో సహా రాయించుకోవాలి. కొత్త గోడ లేచాక పాత పని ఎంతో ఎవరూ చెప్పలేరు.

అసాధ్యం అన్న సాకు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ కష్టాన్ని పట్టించుకోదు. 1954లో సత్యబ్రత ఘోష్ కేసులో యుద్ధకాలంలో సర్కారు భూమి స్వాధీనం చేసుకున్నా ఒప్పందం ముగియలేదన్నారు. 2017లో ఇండోనేషియా బొగ్గు ధర పెరిగిందన్న కరెంటు కంపెనీల వాదన నిలవలేదు. తెలంగాణలో 2020 సెప్టెంబరు 8న రిజిస్ట్రేషన్లు ఆపి, ధరణి వచ్చాక మళ్ళీ మొదలుపెట్టారు. ఆ విరామం గడువు లెక్కలో పనికొస్తుంది గానీ ఒప్పందాన్ని చంపదు. ప్లాటు అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి) అని తర్వాత బయటపడితే కథ వేరు. అసైన్డ్ భూముల 1977 చట్టం ప్రకారం సాధారణంగా అమ్మకమే చెల్లదు, 65వ సెక్షన్ కింద డబ్బు వాపసు అడగడమే మిగులుతుంది. అమ్మేవాడు చనిపోతే అగ్రిమెంట్ పోయిందనేది ఇంకో అపోహ. వారసులు కట్టుబడి ఉండాలని 37వ సెక్షన్ చెబుతుంది. నోటీసు అందరు వారసులకీ విడివిడిగా వెళ్ళాలి, ఆడపిల్లలకి కూడా.

ఇద్దరూ మంచిగా విడిపోవాలనుకుంటే ఒక రద్దు పత్రం రాసుకోవాలి. పాత అగ్రిమెంట్ తేదీ, ఎంత తిరిగిచ్చారు, ఏ యూటీఆర్ నంబరుతో (బ్యాంకు లావాదేవీ నంబరు), ఇకపై ఎవరి మీద ఎవరికీ క్లెయిము లేదని ఇద్దరి సంతకాలు. అసలు కాగితాన్ని చించేయొద్దు, "రద్దు" అని అడ్డంగా రాసి ఇద్దరూ చెరో కాపీ ఉంచుకోవాలి. అగ్రిమెంట్ రిజిస్టర్ అయి ఉంటే రద్దూ రిజిస్టర్ చేయాలి, లేకపోతే ఈసీలో పాత ఎంట్రీ చూసి తర్వాత కొనేవాడు బెదిరిపోతాడు.

దావా గెలిచి డిక్రీ చేతికొచ్చినా ఒప్పందం ఇంకా ముగియదు. మిగతా డబ్బు కట్టడానికి డిక్రీలో ఒక గడువు పెడతారు. ఆ రోజు దాటితే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 28వ సెక్షన్ కింద అమ్మేవాడు అదే కోర్టులో ఒప్పందం రద్దు చేయమని అడగవచ్చు. పదేళ్ళు పోరాడి ఇక్కడ జారిపోయినవాళ్ళు ఉన్నారు. గడువు సరిపోదనిపిస్తే దాటకముందే పొడిగించమని అర్జీ వేయాలి. 54 లక్షలు కోర్టులో జమచేసి, డిక్రీని అమలు చేయమని కోరే ఎగ్జిక్యూషన్ పిటిషన్‌తో పాటు ముసాయిదా సేల్ డీడ్ పెట్టాలి. అమ్మేవాడు అప్పుడూ రాకపోతే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డర్ 34వ రూలు కింద అతని తరఫున కోర్టే సంతకం చేయిస్తుంది. ఆ పత్రం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరై, స్వాధీనం కూడా చేతికొచ్చిన రోజున, మూడు నెలల గడువుతో మొదలైన ఆ అగ్రిమెంట్ ముగుస్తుంది.